బోను తలుపు తీసిన తరువాత

పెంపుడు కుందేలును బోనులో ఉంచుట ధర్మమా, ఇంటిలో స్వేచ్ఛగా తిరుగనిచ్చుట ధర్మమా? ఈ ప్రశ్న వినగానే, ఇదియు ఒక ధర్మసందేహమేనా అని నవ్వువారు ఉండవచ్చును. కాని వ్యాపారము చేసుకొని బ్రతుకు మనకు ఒక సంగతి బాగుగా తెలియును. పెద్ద పద్దులలో దొర్లిన పొరపాటు ఆ రోజే కంటబడును. చిల్లర పద్దులలో దొర్లినది ఏళ్ల తరబడి దాగి యుండి, చివరకు ఆవర్జా కుదరనీయదు. ధర్మము విషయములోను అంతే. దారిలో చీమల బారు కనబడిన పక్కకు తప్పుకొని నడుచుదుము. నీటిని వడగట్టి త్రాగుదుము. అంత శ్రద్ధ గల ఇంటిలోనే, మన చేతి కిందనే, నోరు లేని ఒక ప్రాణి రాత్రింబవళ్లు ఏ స్థితిలో ఉన్నదో చూడక పోవుట ఆ చిల్లర పద్దు వంటిదే.

సంగతి సాధారణముగా ఇట్లు మొదలగును. పిల్లవాని పుట్టినరోజుకో, వేసవి సెలవులలో ఊసుపోకకో, తండ్రి సంతనుండి తెల్లని కుందేళ్ల జతను తెచ్చును. దానితోపాటు ఇనుప తీగల బోను ఒకటి వచ్చును. మొదటి వారము ఇంటిల్లిపాదియు ఆ బోను చుట్టే. రెండవ నెలకు అది వసారాలోనికి, ఆ తరువాత మేడమీదికి చేరును. అప్పుడు ఇంటిలో ఎవరికో, తరచుగా నాయనమ్మకో ఆలోచన గల ఆడపిల్లకో, మనసు కలుక్కుమనును. "మనము తిరుగుచున్నాము గదా, అది ఎందుకు తిరుగరాదు?" అని బోను తలుపు తీయుదురు. అదే ఇంటిలో మూడేండ్ల పసివాడును ఉండును. అసలు ప్రశ్న ఆ క్షణమున పుట్టును. తలుపు తీయుటతో మన బాధ్యత తీరినదా, లేక అక్కడనే మొదలైనదా?

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. "అంత దయ ఉన్నచో ఊరి బయట పొలములలో వదలివేయ రాదా" అని కొందరు అందురు. మన పొలములలో తిరుగు చెవులపిల్లి వేరు, ఇండ్లలో పెరుగు కుందేలు వేరు. ఇంటి కుందేలు స్పెయిను దేశపు ప్రాంతమున పుట్టిన జాతికి చెందినది. అక్కడినుండి ఐరోపా అంతట మనుష్యుల చేతిలో వందల ఏండ్లు పెరిగి, పిమ్మట మన దేశమునకు వచ్చినది. దాని తెల్లని రంగు మన ఎర్రనేలలోను నల్లరేగడిలోను దాగదు. కుక్కలనుండి, గ్రద్దలనుండి తప్పించుకొను విద్య దానికి నేర్పినవారు లేరు. అట్టి దానిని బయట వదలుట విడుదల కాదు, ఒక రాత్రి గడువు గల మరణశిక్ష. ఇక మన నేలకు చెందిన చెవులపిల్లి సంగతి. దానిని పట్టి ఇంటిలో ఉంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కనుక ఇంటి కుందేలుకు అడవి స్వేచ్ఛ లేదు. దానికి మిగిలినవి రెండే, బోను లేదా మన ఇల్లు. ఈ రెంటిలో ఏది ఇచ్చినను ఇచ్చువారము మనమే.

శ్రావకుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. అవి కట్టివేయుట, కొట్టుట, అవయవములను ఛేదించుట, మితిమీరిన బరువు మోపుట, ఆహారపానీయములను అడ్డుట. వీనిలో కట్టివేయుటయే, అనగా బంధమే, మొదట లెక్కింపబడుట గమనింప దగినది. కొట్టుట తప్పని ఎవరైనను ఒప్పుకొందురు. బంధించుట తప్పని తోచుటకు మాత్రము కొంచెము ఆగి ఆలోచింపవలెను. కట్టినవాని చేతిలో కర్ర ఉండదు, ముఖములో కోపము ఉండదు. పైగా వేళకు మేత వేయుచుండును. అందువలననే ఈ హింస మంచివారి ఇండ్లలో సైతము కాపురము ఉండగలదు.

అయినను మన పెద్దలు ఈ విషయమును మొండిగా చెప్పి విడువలేదు. శ్రావకాచారమును వివరించిన వ్యాఖ్యాతలు బంధమును రెండు విధములుగా విడదీసిరి. ఏ ప్రయోజనమును లేక కట్టుట ఒకటి, అవసరము కొలది కట్టుట మరొకటి. అవసరము కొలది కట్టుటలోను మరల రెండు. కదల వీలులేకుండ బిగించి కట్టుట ఒకటి. కదలుటకు వీలుగా, నిప్పంటుకొనినప్పుడు తేలికగా విడిపించుటకు వీలుగా వదులుగా కట్టుట మరొకటి. ఈ చివరిదానినే వారు సహించిరి. దానితో ఆగక, శ్రావకుడు అసలు కట్టకుండ ఉంచగల ప్రాణులనే తన ఇంట ఉంచుకొనుట మేలనియు చెప్పిరి. ఎంత లోకజ్ఞానముతో కూడిన మాట! ప్రాణిని తెచ్చిన పిమ్మట తాడు పొడవును గురించి వాదించుట కాదు, తెచ్చుటకు ముందే మన ఇల్లు దానికి తగునా అని విచారింపవలెను.

ఈ కొలతతో కుందేలు బోనును చూతము. కుందేలు పరుగెత్తుటకు పుట్టిన దేహము. దాని వెనుక కాళ్ల బలము చూచిన చాలును. తెల్లవారుజామునను, ప్రొద్దుగ్రుంకు వేళను అది మిక్కిలి చురుకుగా ఉండును. వెనుక కాళ్లపై నిటారుగా నిలిచి నలుదిక్కులు చూచును, నేల త్రవ్వును, సంతోషము కలిగినప్పుడు గాలిలో ఎగిరి మెలి తిరుగును. రెండడుగుల బోనులో వీనిలో ఒక్కటియు సాధ్యము కాదు. అడుగున తీగల జల్లెడ ఉన్నచో దాని పాదములు పుండ్లు పడును, ఏలయన కుందేలు పాదమునకు కుక్కకు ఉన్నట్టి మెత్తని దిండు లేదు, వెంట్రుకలు మాత్రమే ఉండును. నిలుచుటకు, తిరుగుటకు తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ జంతువునైనను నిర్బంధించుట 1960లో మన పార్లమెంటు చేసిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారమును నేరమే. శాస్త్రమును చట్టమును ఒకే మాట చెప్పుచున్నప్పుడు మనకు వేరొక సాకు మిగులదు.

వేడి సంగతియు ఇక్కడనే చెప్పవలెను. కుందేలుకు మనవలె చెమట పట్టదు. ఒంటి వేడిని అది చాలవరకు చెవుల ద్వారా వదలును. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటినచో దానికి కష్టము మొదలగును. బళ్లారిలోను షోలాపురములోను ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. ఆ రోజులలో మేడమీద రేకుల నీడన బోనును ఉంచి, అంగడిలో పంకా కింద కూర్చుండి సామాయికము చేసికొనువానికి ఆ సామాయికము ఎంతవరకు ఫలించునో ఎవరికి వారే యోచించుకొనవలెను.

కనుక తలుపు తీయవలసినదే. ఇంతవరకు సందేహము లేదు. కాని తలుపు తీసినంతనే దయ పూర్తియైనదని తలచుట రెండవ భ్రమ. ఇది మొదటిదానికంటె అపాయకరము, ఏలయన ఇది పుణ్యము వేషములో వచ్చును.

పసివాని కన్నులకు కుందేలు ఒక మెత్తని బొమ్మ. కుందేలు కన్నులకు పసివాడు పైనుండి విరుచుకుపడు పెద్ద మృగము. వేటాడబడు జాతి కనుక, ఎవరైనను పైకి ఎత్తినచో దానికి తోచునది గ్రద్ద గోళ్లే. అది ప్రాణభయముతో వెనుక కాళ్లు తన్నును. దాని ఎముకలు మిక్కిలి తేలిక. పిల్లి ఒంటి బరువులో ఎముకల గూడు 12, 13 శాతము ఉండగా, కుందేలుకు సుమారు 8 శాతమే. కండబలము చూచిన పెద్దది. అట్టి కాళ్లతో గాలిలో తన్నుకొనినచో తన వెన్నును తానే విరుచుకొనగలదు. పసివాని చేతిలోనుండి రెండడుగుల ఎత్తున జారిపడినను అంతే. ఒక్క క్షణపు ముద్దు, వెనుక కాళ్లు పడిపోయిన జీవితము. అటు పిల్లవానికిని గోళ్ల గీతలు, పంటి గాట్లు తప్పవు. బెదరినప్పుడు కరచుట దాని నేరము కాదు.

అన్నింటికంటె కష్టమేమనగా కుందేలు నోరు విప్పదు. మరణవేదన కలిగిననే గాని అది అరవదు. నొప్పిని దాచుకొనుట వేటాడబడు జాతికి ఆత్మరక్షణ. భయపడినప్పుడు కదలక మెదలక ఉండిపోవును. "చూడండి, ఎంత బుద్ధిగా కూర్చున్నదో" అని మనము మురియుదుము. వెల్లకిల పరుండబెట్టిన కదలక ఉండును, నిద్రపోయినదని పిల్లలు చప్పట్లు కొట్టుదురు. అది నిద్ర కాదు, భయముతో దేహము బిగిసిపోవుట. ఏడ్చు ప్రాణిని కనికరించుట ఎవరికైనను చేతనగును. ఏడ్వని ప్రాణి బాధను తెలిసికొనుటకే శ్రద్ధ కావలెను.

ఇక మన ఇండ్ల తీరు చూడుడు. క్రింద అంగడి, పైన కాపురము. కుందేలు పండ్లు బ్రతికినన్నాళ్లు పెరుగుచునే ఉండును, ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు. కనుక అది ఎల్లప్పుడు ఏదో ఒకటి కొరుకుచునే ఉండవలెను. నేలబారున పోవు విద్యుత్తు తీగ దానికి వేరువలె కనబడును. కొరికిన క్షణమున దాని ప్రాణము పోవుటయే గాక, కొరికి విడిచిన తీగను పసివాడు పట్టుకొనినచో ఏమగునో చెప్ప నక్కరలేదు. సరుకుల గదిలో ప్లాస్టిక్ సంచులు, పురికొసలు, చీరల మడతల మధ్య ఉంచు కలరా ఉండలు, పూజకు తెచ్చిన గన్నేరు పూలు, ఇవన్నియు దానికి హాని చేయునవే. తలుపు చాటున, ఊయల కింద, తాతగారి పడక కుర్చీ కింద దూరుట దానికి ఇష్టము. అటువంటి చోట్లనే ఎవరును చూడకుండ నలిగిపోవును.

హింసకు మన శాస్త్రము చెప్పిన లక్షణము ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో కూడిన మనోవాక్కాయముల వలన ప్రాణములకు కలుగు హానియే హింస. చంపవలెనను కోరిక ఉండి తీరవలెనని చెప్పలేదు, ఏమరుపాటును లెక్కలోనికి తీసికొనిరి. ఈ దృష్టితో చూచిన, బోనులో బిగించి మరచిపోయినవాడును, బోను తెరచి మరచిపోయినవాడును ఒకే పద్దులో చేరుదురు. మొదటివాని మరపు నెమ్మదిగా హింసించును, రెండవవానిది ఒక్కసారిగా. "నేను స్వేచ్ఛ ఇచ్చితిని గదా" అనుట ఆ పద్దును కొట్టివేయదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. "పిల్లల క్షేమము ముందా, కుందేలు సుఖము ముందా? మనుష్యజన్మ దుర్లభము గదా. పసివానికి అపాయమున్న చోట కుందేలును మరల బోనులో వేయుటయే న్యాయము" అని. ఈ మాటలో కొంత సత్యము కలదు. తల్లిదండ్రులకు బిడ్డ విషయమున ఉన్న బాధ్యత మొదటిది, దానిని ఏ వ్రతమును తగ్గింపదు. కాని కుందేలును ఐదు ఇంద్రియములు, మనస్సు గల ప్రాణియే. బిడ్డను ఒక సిబ్బెలోను కుందేలును మరొక సిబ్బెలోను వేసి తూచవలసిన సందర్భము నిజముగా వచ్చినదా అని మొదట అడుగవలెను. పై విషయములను మరల చూడుడు. తీగను ఎత్తున కట్టినచో ఇద్దరికిని మేలు. పసివాడు ఎత్తకుండ చూచినచో వాని చేతులకు గీతలు పడవు, దాని వెన్ను విరుగదు. పెద్దవారు దగ్గర ఉన్నచో ఇద్దరును క్షేమము. ఒకరి క్షేమమే రెండవవారి క్షేమముగా ఉన్నప్పుడు త్రాసు పని లేదు. కావలసినది మన కాలము, మన కన్ను. ఆ రెండును ఇవ్వనొల్లకయే, బిడ్డకును కుందేలుకును పోటీ ఉన్నట్లు చెప్పుకొందుము.

మరి ఆ కాలమును ఇచ్చువారు ఎవరు? ఈ ప్రశ్నను మగవారమైన మనము అడుగము. తండ్రి జాలిపడి తలుపు తీసి అంగడికి దిగిపోవును. అటుపైన రెంటను కనిపెట్టునది, మూలమూలల ఎండిన పెంటికలు ఊడ్చునది, కొరికిన చాప మార్చునది, పసివాని చేతులు కడుగునది ఇంటి ఇల్లాలు, లేకున్న పనిమనిషి. ఒకరు దయ చూపి, దాని ఖర్చును ఇంకొకరి పద్దున వ్రాయుట వ్యాపారములోనే న్యాయము కాదు, ధర్మములో ఎట్లు న్యాయమగును? తెచ్చిన చేతులే ఊడ్వవలెను. తెల్లవారుజామున అరగంట, ప్రొద్దుగ్రుంకు వేళ గంట, నేలమీద కూర్చుండి చూచుటకు ఇంటి యజమాని సిద్ధపడినప్పుడే ఆ ఇంట బోను తలుపు తీయు అధికారము ఆయనకు కలుగును.

నాలుగైదేండ్ల లోపు బిడ్డపై ఆ భారము మోపుట అసలే తగదు. "కుందేలు నీది, నీవే చూచుకొనవలెను" అని పిల్లలకు బాధ్యత నేర్పుచున్నామని కొందరు సంతోషింతురు. వ్రతము ఎరిగి పట్టినవానికే వ్రతభంగము. ఎరుగని బిడ్డ చేతిలో ప్రాణిని పెట్టి, అది నలిగిన తరువాత బిడ్డను దండించుట రెండు హింసలు.

"అట్లయిన పిల్లలకు దయ ఎట్లు అలవడును?" అని అడుగవచ్చును. చాల మంచి ప్రశ్న. ప్రాణిని దగ్గర ఉంచినంత మాత్రమున దయ అలవడదు. చెవులు పట్టి ఎత్తు పిల్లవాడు నేర్చునది తన బలము ఎంతటిదో మాత్రమే. మన ఆగమములలో మేఘకుమారుని కథ మనకందరికి తెలిసినదే. మగధరాజైన శ్రేణికుని కుమారుడు. దీక్ష తీసికొనిన మొదటి రాత్రియే, వచ్చుచు పోవుచున్న సాధువుల కాళ్ల తాకిడికి నిద్ర పట్టక విసుగు చెందినవాడు. మహావీర స్వామి అతనికి పూర్వజన్మ జ్ఞాపకము కలిగించిరి. ఆ జన్మలో అతడొక ఏనుగు. అడవి తగులబడగా జంతువులన్నియు ఒక చదునైన చోట కిక్కిరిసినవి. ఏనుగు ఒళ్లు గోకికొనుటకు కాలెత్తినది, ఆ ఖాళీలోనికి ఒక కుందేలు వచ్చి చేరినది. దింపినచో అది చచ్చును. రెండున్నర దినములు, మంట ఆరువరకు, ఆ ఏనుగు కాలు ఎత్తియే నిలిచినది. మంట ఆరి కుందేలు వెళ్లిపోయిన తరువాత, కాలు బిగిసిపోయి, క్రిందపడి ప్రాణము విడిచినది.

ఈ కథను మనము ఎన్నిసార్లు వినియున్నను ఒక విషయము మీద నిలువము. ఏనుగు కుందేలును ఎత్తికొనలేదు, నిమరలేదు, "నాది" అనలేదు, మంట ఆరిన తరువాత వెంట తీసికొని పోలేదు. అది చేసినది ఒక్కటే, తన కాలును తాను దింపకుండుట. బలము గలవాడు తన బలమును ఆపుకొనుటయే అక్కడ కరుణ. కుందేలుకు కావలసిన జాగా అంతమాత్రమున దొరికినది.

ఇంటిలోను ఇదే విధి. కట్టుబాటు ఎవరికో ఒకరికి ఉండక తప్పదు. బోనులో కట్టుబాటు అంతయు బలహీనమైన ప్రాణిపై పడును. తలుపు తీసినప్పుడు ఆ కట్టుబాటు మాయమై పోరాదు, మనపైకి మారవలెను. ఇక ఇంటి వారికి నియమములు ఉండును. పసివాడు నిలుచుండి కాదు, నేలపై కూర్చుండి చూడవలెను. ఎత్తరాదు, వెంబడింపరాదు, నిద్రించుచున్న దానిని లేపరాదు. చేయి చాచి మేత చూపి ఊరక యుండవలెను. వచ్చినచో వచ్చును, రానిచో లేదు. ఐదు నిమిషములు కదలక కూర్చుండి, చివరకు ఆ ప్రాణి తనంతట తాను వచ్చి చేతిని వాసన చూచిన పిల్లవాడు ఆ రోజు నేర్చినది పది ఉపదేశములు నేర్పజాలవు. ఇతరుల సమ్మతి కొరకు వేచియుండుట అతడు నేర్చినాడు.

ఏర్పాటు విషయములో కొన్ని మాటలు. ఇల్లంతయు వదలనక్కరలేదు. ఒక గది, లేక తడిక అడ్డు పెట్టిన సగము గది చాలును, కాని అది పరుగెత్తునంత ఉండవలెను. బోనును పారవేయవద్దు. అడుగున గోనెపట్ట పరచి, తలుపు ఎల్లప్పుడు తెరచియుంచిన అది దానికి గుహవలె పనికివచ్చును. ఆ గుహలోనికి పోయిన దానిని ఎవరును బయటికి లాగరాదు. ఒకే గూడు తలుపు మూసిన చెర అగును, తెరచిన ఇల్లగును. షాబాదు బండలు పరచిన నేల వేసవిలో దానికి హాయియే, కాని నునుపు మీద కాళ్లు జారును గనుక కొంత మేర గోనెపట్ట వేయవలెను. రాత్రివేళ, ఎవరును చూడని వేళ, తడిక మూసియుంచుట దోషము కాదు. పెద్దలు సహించిన వదులైన కట్టు ఇదియే. దానిని తాకిన తరువాత పిల్లల చేతులు సబ్బుతో కడుగవలెను, తామర వంటి చర్మరోగములు కుందేలునుండి అంటుకొనవచ్చును. దీపావళినాడు బాణసంచా మ్రోతకు దూరముగా, ఇంటి లోపలి గదిలో ఉంచవలెను. ఆ బెదురు దాని ప్రాణముపైకి రాగలదు.

ఆహారము విషయమున మన ఇండ్లకు ఒక సౌకర్యమును, ఒక ప్రమాదమును కలవు. కుందేలుకు ఎర్రముల్లంగి లేనిదే గడవదని బొమ్మల పుస్తకములు చూచినవారు తలతురు. కందమూలములు మన వంటింటికి రావు. దాని వలన కుందేలుకు లోటేమియు లేదు. దానికి ముఖ్యాహారము ఎండుగడ్డి. తీపి గల దుంపలు దానికి మితిమీరిన హానియే. ప్రమాదము వేరొకటి. పర్యుషణములలో పెద్దలు ఉపవాసములుండగా చూచి, పిల్లలు ఉత్సాహముతో "కుందేలుకును ఉపవాసము" అని మేత తీసివేయవచ్చును, లేదా చౌవిహారము పేరిట రాత్రి గడ్డి పెట్టకపోవచ్చును. కుందేలు ప్రేగులు ఎల్లప్పుడు కదలుచుండవలెను. సగము రోజు ఏమియు తినకున్నను ప్రేగు కదలిక నిలిచి ప్రాణాపాయము కలుగును. తనంతట తాను విడిచినది తపస్సు. ఇతరులచేత విడిపించినది అన్నపాన నిరోధము, అదియును ఆ ఐదు అతిచారములలోనిదే.

ఇంకొక చిక్కుముడి ఉన్నది, దానిని దాటవేయుట సరి కాదు. ఆడ, మగ జతను కలిపి స్వేచ్ఛగా వదలినచో నాలుగైదు నెలల వయస్సుననే సంతానము మొదలగును. గర్భము 31 రోజులు. ఈనిన వెంటనే మరల గర్భము ధరింపగలదు. తల్లి దినమున కొకసారి మాత్రమే, కొద్ది నిమిషములు పాలిచ్చును. విడిచిపెట్టినదని తలచి పిల్లలు గూడు కెలికినచో ఆ కూనలు బ్రతుకుట కష్టము. ఏడాది తిరుగకముందే ఇల్లు నిండును. అప్పుడు బుట్టలో పెట్టి, అడిగినవారికి, అడుగనివారికి పంచుదుము. అవి ఏ ఇంటికి పోవునో, ఏ కత్తికి పోవునో విచారింపము. కుందేలు మాంసము తినువారును, అమ్మువారును లోకమున కలరు. మన చేతి దయ నాలుగు చేతులు మారి అక్కడికి చేరినచో దానిని ఏ పద్దున వ్రాయుదుము?

దీనికి పశువైద్యులు శస్త్రచికిత్స సలహా ఇత్తురు. అది ఆడ కుందేళ్లకు గర్భకోశ వ్రణములు రాకుండ చేయుననియు చెప్పుదురు. మన శాస్త్రములు శ్రావకునికి నిషేధించిన పదునైదు జీవనోపాధులలో ప్రాణుల అంగములను ఛేదించు వృత్తియు ఉన్నది. జీవనమునకై ఛేదించుట, ఆ ప్రాణి మేలుకై చికిత్స చేయించుట ఒకటి కాదని కొందరు వాదింతురు, ఛేదము ఛేదమే అని మరికొందరు. నా మట్టుకు మొదటి వాదములో బలము కనబడుచున్నది. కాని రెండవ పక్షము వారికి కూడ దారి లేకపోలేదు. ఆడ మగలను మొదటినుండి వేరుగా ఉంచుట వారి చేతిలోనే ఉన్నది. ఈ రెంటిలో ఏదియు చేయక "ప్రకృతి చూచుకొనును" అని ఊరకుండువాని పక్షమున మాత్రము చెప్పదగిన వాదము ఏదియు లేదు.

అదే జాబితాలో ప్రాణులతో చేయు వర్తకమును కలదు. మనము ఆ వ్యాపారము చేయము. కాని కొనువాడు లేనిదే అమ్మువాడు లేడని వర్తకులకు ఎవరు చెప్పవలెను? పెంపుడు జంతువుల దుకాణములు నమోదు చేయించుకొని, నియమములు పాటింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2018లో నిర్ణయించినది. అయినను సంతలో ఎండన గంపలో కుక్కిన కుందేళ్లు నేటికిని కనబడుచునే ఉన్నవి. జాలితో ఒక జతను కొన్నచో, వచ్చేవారము ఆ గంపలో ఇంకొక జత చేరును. ఎవరో పెంచలేక విడిచిన దానిని ఇంటికి తెచ్చుట వేరు, పుట్టినరోజు కానుకగా క్రొత్తది కొనుట వేరు. మొదటిది ఉన్న దుఃఖమును తగ్గించును, రెండవది క్రొత్త దుఃఖమునకు బయానా ఇచ్చును.

చివరకు కాలము లెక్క. బాగుగా చూచుకొన్న కుందేలు ఎనిమిది నుండి పన్నెండేండ్లు బ్రతుకును. నేడు నాలుగేండ్ల బిడ్డ, అది ముసలిదగునప్పటికి కళాశాలకు పోవుచుండును. బొమ్మ అనుకొని తెచ్చినవారికి ఇది దీర్ఘకాలపు అప్పు. "మోయలేకున్న పాంజరాపోలు ఉన్నది గదా" అనువారు కలరు. బొంబాయి పాంజరాపోలు 1834లో మొదలైనది. దిక్కులేని, పనికిరాని ప్రాణులకు దిక్కుగా అట్టి సంస్థలను మన పెద్దలు తరతరములుగా పోషించుచు వచ్చిరి. దిక్కున్న ప్రాణిని దిక్కులేనిదిగా చేసి అక్కడ దింపి, చందా చీటి చేతబట్టుకొని వచ్చుట ఆ సంస్థల ఉద్దేశము కాదు. పరిగ్రహ పరిమాణము చేసికొనునప్పుడు ద్విపద చతుష్పదములను కూడ లెక్క వ్రాయుమని చెప్పుటలో అర్థమిదే. నాలుగు కాళ్ల ప్రాణి ఇంటికి వచ్చిన రోజున ఆస్తి పెరుగలేదు, బాధ్యత పెరిగినది.

కనుక నాకు తోచిన నిర్ణయమిది. ఐదేండ్ల లోపు బిడ్డ ఉండి, దినమునకు గంటన్నర నేలపై కూర్చుండు పెద్దవారు లేని ఇంట కుందేలును తేకుండుటయే అహింస. తెచ్చుటకు ముందు వద్దనుట ఎవరిని బాధింపదు, బిడ్డ రెండు రోజులు మారాము చేయును, అంతే. ఇదివరకే వచ్చియున్నచో బోనులో మూయుట దానికి పరిష్కారము కాదు. ఇంటి తీగలను ఎత్తుట, గదిని ఏర్పరచుట, బిడ్డను కూర్చుండుట నేర్పుట, తాను కాలము ఇచ్చుట, ఈ నాలుగును చేయవలెను. ఇవి చేసిన ఇంట తలుపు తీయుట ధర్మము. ఇవి చేయని ఇంట తీసినను మూసినను లోపమే.

స్వేచ్ఛ అనునది మనము ఒకరికి దానముగా ఇచ్చు వస్తువని తలచుటలోనే తప్పున్నది. ఆ ప్రాణి పరుగు, ఆ ప్రాణి చూపు దానివే, మనము ఇచ్చినవి కావు. మన చేయి, మన కాలు ఎక్కడ ఆగవలెనో తెలిసికొని ఆపుకొనుట మాత్రమే మనది. ఈ పాఠము కుందేలు దగ్గర నేర్చిన బిడ్డ, రేపు అంగడిలో గుమాస్తా యెడల, ఇంటిలో కోడలి యెడల, బాకీ తీర్పలేని బీదవాని యెడల దానిని మరువకుండునని ఆశించుట అత్యాశ కాదు.